వత్తామన్న పిల్లలు

లక్ష్మీకుమారి టీచరుది ఆరంభశూరత్వం. అనకాపల్లి నుంచి రోజూ బస్సెక్కి, చెరకు తోటల మధ్య ఉన్న ఆ ఊరి హైస్కూలుకి వచ్చేది. వచ్చిన ఏడాదే మొక్కలు నాటించింది. వాటికి కంచె కట్టించడం మరిచిపోయింది, మేకలు పండగ చేసుకున్నాయి.

రెండువేల ఆరులో పిల్లలచేత సేవ మొదలుపెట్టించింది. కంటి ఆపరేషనైన బుల్లమ్మ ఒంటరిది. తొమ్మిదో తరగతి పిల్లలు పూటపూటా వెళ్లి ఆమెకు చుక్కల మందు వేసేవారు, తిరిగొచ్చి కన్ను బొమ్మ గీసి సైన్సు పాఠం చెప్పుకునేవారు. బుల్లమ్మ దగ్గర్నుంచి లేచేటప్పుడు మాత్రం అందరూ అనే మాటే అనేవారు. "వత్తాం అమ్మమ్మా!" పోతామనకూడదు కదా మరి.

ఇంతలో పరీక్షలొచ్చాయి. "ఇక చాలు, చదువుకోండి" అంది టీచరు. ముసలమ్మకు ఒక్క మాట చెప్పి పంపాలని తోచలేదు. పక్కింటి కాసులమ్మ మందు వేస్తానంటే బుల్లమ్మ కసిరింది. "పిల్లలు వత్తామన్నారు. మజ్జిన నువ్వెయ్యడమేటి?" గుమ్మంలో కూర్చుని ఎదురుచూసింది. కన్ను చీము పట్టి, చూపు పోయింది.

బడులు తెరిచాక హెడ్‌మాస్టరు సన్యాసిరావు టీచర్లందర్నీ కూర్చోబెట్టారు. "ఈ సేవ ఏటా చదువులో భాగంగా నిలిచిపోవాలి. ఎలాగో మీరే చెప్పండి మేడమ్, మొదలెట్టింది మీరే కదా!"

ఆవిడకు తలెత్త బుద్ధి కాలేదు.

"మొదలెట్టడమే నాకొచ్చండి. నా మూలంగా ఒకావిడ కన్ను పోయింది" అనేసింది. "దీన్ని నా మీద వదిలెయ్యకండి. టైంటేబుల్లో పీరియడ్ ఇవ్వండి. పై తరగతి వాళ్లు కింది తరగతి వాళ్లకి ఆ ఇంటిని అప్పగించాకే మానాలి. పరీక్షలొచ్చినా, నాకు బదిలీ అయినా ఆగకూడదు."

అందరూ సరేనన్నారు. అయినా టీచరు గుండెల్లో బరువు దిగలేదు. ఆ సాయంత్రమే పాత పిల్లల్నీ కొత్త పిల్లల్నీ వెంటబెట్టుకుని బుల్లమ్మ దగ్గరికి వెళ్లింది. వచ్చే నెలలో ఆమె రెండో కంటికి ఆపరేషను.

"తప్పు నాదమ్మా. పిల్లల్ని ఆపింది నేనే."

"నువ్వా తల్లీ?" బుల్లమ్మ పిల్లల తలలు తడిమింది. "ఆళ్లకే జొరాలొచ్చేయేమో అని బెంగెట్టుకున్నాను."

లేచేటప్పుడు పిల్లలు అలవాటుగా "వత్తాం..." అనబోయారు.

బుల్లమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ మాటనకండర్రా. అంటే మళ్లీ గుమ్మంలో కూకుంటాను."