గురవయ్యనడుగు

ముజావరు ఖాసింపీరాకు ఒకటే జబ్బు. ఏ ప్రశ్నకూ తను జవాబు చెప్పడు, ఇంకొకరి మీదికి తోసేస్తాడు. టైమెంతయిందని అడిగినా, చేతికున్న వాచీ చూసుకుని మరీ "గురవయ్యనడుగు" అంటాడు.

రాచర్ల దగ్గరి ఆ ఊళ్లో పీర్ల చావిడి చూసుకునేది ఆయనే. ఊరికంతా సాయిబుల ఇల్లు ఆయనదొక్కటే. మొహర్రంలో పీర్లను ఎత్తేదేమో రైతులూ, గొర్రెలు కాసుకునేవాళ్లూ. ఇదెట్లా కుదిరిందన్నదే విశాఖ నుంచి వచ్చిన సంధ్యారాణి పీహెచ్‌డీ. "ఇస్లాంను పుస్తకాల్లోనే కాదమ్మా, మనుషుల మధ్య చూడాలి" అని పంపించాడు ఆమె గైడు. నెలాఖరుకు ఒక అధ్యాయం చేతికివ్వకపోతే సీటు పోతుందని కూడా చెప్పే పంపించాడు.

మనుషులైతే దొరికారు, జవాబులే దొరకలేదు. పీర్లు ఈ ఊరికి ఎట్లా వచ్చాయంటే ఖాసింపీరా గడ్డం గోక్కుని గురవయ్య దగ్గరికి పంపాడు. గురవయ్యకు గొర్రెల సంగతి తప్ప మరొకటి తెలియదు, సంగటి పెట్టి సాగనంపాడు. నిప్పుల గుండం ఎందుకు తొక్కుతారంటే ఖాసింపీరా ఈసారి మగ్దలీనమ్మను అడగమన్నాడు. ఆమె చర్చికి పోయే మనిషి. "నాకేం తెలుసు తల్లీ, చెయ్యి కడుక్కో" అన్నది.

రైతుల ఇంటి కాశమ్మ ఒక్కతే కాస్త నోరు విప్పింది. తామూ ఏటా చావిట్లో చదివిస్తామన్నది. సంధ్యారాణి ఎగిరి గంతేసి, చావిడిలో హిందూ స్త్రీలకు చదువు చెబుతున్నారని నాలుగు పేజీలు రాసి పంపింది. చదివించడమంటే బెల్లమూ కొబ్బరికాయా పట్టుకెళ్లి పీర్ల ముందు ఫాతెహా అనే ప్రార్థన చదివించడమని గైడుకు ఎవరో చెప్పారు. ఆయన ఫోన్ చేసి, "ముందు ఆ బడిలో నువ్వు చేరమ్మా" అని పెట్టేశాడు.

ఇక తన బతుకు తెల్లారిందనుకుంది. ఆ మధ్యాహ్నం ఖాసింపీరా మళ్లీ కాశమ్మ దగ్గరికే పంపితే, సంధ్యారాణి ఆమె వసారాలో కంచం ముందు కూర్చుని ఏడ్చేసింది. ఆ ముసలాయనకు తనంటే గిట్టదని, కావాలనే ఏమీ తెలియనివాళ్ల చుట్టూ తిప్పి తన చదువును గంగలో కలుపుతున్నాడని వాపోయింది.

కాశమ్మ కూర వడ్డించడం ఆపలేదు.

"పిచ్చిదానా, ఈ ఊళ్లో హోటలు యాడుంది? ఆయనింట్లో వండేవాళ్లు లేరాయె. అందుకని రోజూ పొద్దున్నే ఎవరో ఒకరింటికి పోయి, ఈపొద్దు పాప మీ ఇంటికొస్తది, ఇంకో ముద్ద ఎక్కువ ఎయ్యండని చెప్తాడు. ఇయ్యాల మాకు చెప్పిపోయినాడు."

సంధ్యారాణి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సాయిబు ఒక్క మాట చెప్పాడు, ఏ ఇల్లూ ఎందుకని అడగలేదు, కంచం పెట్టింది. ఇన్నాళ్లూ తను వెతికింది తింటూనే ఉంది కదా అనిపించి, ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది.

సాయంత్రం చావిడికి పోయి నిలదీసింది.

"మామా, నువ్వు చెప్తే ఈ ఊరంతా ఎందుకు వింటుంది?"

ఖాసింపీరా వాచీ చూసుకున్నాడు.

"అది రోశమ్మనడుగు పాపా. బిరీన పో, నాటుకోడి కోసినారంట."