రెండో కీపరుగారితో మండపేట దాకా

మా మండపేట జట్టుకు నేను వికెట్ కీపర్‌ని. ఆ వేసవిలో మూడు మ్యాచ్‌లు ఆడి మూడు క్యాచ్‌లు వదిలేశాను. కెప్టెన్ మా మేనత్త కొడుకు. బంధుత్వం ఉంది కాబట్టి మర్యాదగానే చెప్పాడు.

“ఫైనల్లో ఇంకొక్కటి వదిలావనుకో బామ్మర్దీ, గ్లవ్స్ నాకిచ్చేసి స్కోరు రాసుకో.”

నా బ్యాటింగ్ అంతంతమాత్రం. గ్లవ్స్ పోతే జట్టులో నాకు మిగిలేది స్కోరు పుస్తకమూ వాటర్ క్యానే.

ఫైనల్‌కు ముఖ్య అతిథిగా, ఒకప్పుడు భారత జట్టుకు కీపింగ్, బ్యాటింగ్ రెండూ చేసిన ఒకాయన వస్తున్నారు. మనవైపు వారు కాదుగాని, ఇక్కడ ఉద్యోగం చేసి తెలుగు నేర్చుకున్నారు. సామర్లకోటలో రైలు దిగే ఆయన్ను తీసుకొచ్చే పని నేనే అడిగి వేయించుకున్నాను. దారిలో ఆయన విద్యంతా నాకు అబ్బేస్తుందని ఆశ. గ్లవ్స్, బంతి కూడా కారులో పెట్టుకున్నాను.

“అన్నేళ్లు ఇండియాకి ఎలా ఆడారండీ?” అన్నాను కారు కదలగానే.

“ఆడింది తక్కువ బాబూ, కూర్చున్నది ఎక్కువ. నేను రెండో కీపర్‌ని. మొదటి కీపర్ వేలు విరిగితే నాకు పిలుపు. అది అతుక్కుంటే నాకు ఇంటికి టికెట్.”

“మరి విరగాలని దణ్ణం పెట్టుకునేవారాండీ?”

“ఛ. త్వరగా తగ్గాలనే చెప్పేవాణ్ని. మరీ గట్టిగా చెప్పేవాణ్ని కాదు.”

బ్యాటింగ్ గురించి అడిగాను. ఏడో నంబరులో దిగేవారట. తన జట్టువాళ్లందరూ ఔటైపోతే ఆయనొక్కరే మిగిలేవారట. పేపర్లు దాన్ని ఒంటరి పోరాటం అని రాశాయట.

బిక్కవోలు దాటాక కారు ఆగిపోయింది. దాళ్వా వరి కోతలు అయ్యాయి. సగం రోడ్డు మీద బరకాలు పరిచి ధాన్యం ఆరబోశారు. మిగతా సగానికి ట్రాక్టర్ అడ్డం పెట్టి బస్తాలెత్తుతున్నారు. “పది నిమిషాలండీ” అన్నారు. అంటే అరగంట. ఈలోగా కెప్టెన్ బావ పెట్టిన షరతూ, కారులో గ్లవ్స్, బంతి ఉన్న సంగతీ చెప్పేశాను. ఆయన దిగి బంతి అడిగారు. నేను గ్లవ్స్ తొడుక్కుని బరకం అంచున కూర్చున్నాను. ఆయన విసిరిన మొదటి బంతి నా చేతుల్లోంచి జారి ధాన్యంలో పడింది.

“ఏవండోయ్, ధాన్యం తొక్కకండి!” అని ధాన్యం తిరగేస్తున్నావిడ కేకేసింది. “ఆడుకోడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదేంటి?” అంటూనే బంతి తీసి నా వైపు విసిరింది. అదీ నాకు దొరకలేదు.

పది బంతులు చూశాక ఆయన తేల్చేశారు. “బంతి అందకముందే లేచి, ఇక్కడ లేని అంపైర్ వైపు తిరిగి అరుస్తున్నావు. చేతిలో పడేదాకా కూర్చో. నోరు మూసుకో.”

“ఇన్నేళ్ల అనుభవం అంతేనాండీ?”

“ఇంకా ఉంటే మొదటి కీపర్‌నే అయ్యేవాణ్ని.”

సాయంత్రం ఫైనల్లో అవతలి జట్టు పెద్ద బ్యాటర్‌కు బంతి సన్నగా తగిలింది. ఆ చప్పుడు నాకు తప్ప మావాళ్లెవరికీ వినపడలేదు. క్యాచ్ పట్టాను. చెప్పినట్టే నోరు మూసుకుని కూర్చున్నాను. ‘హౌజట్’ అని అరిచి అడగందే అంపైర్ ఔటివ్వకూడదు, అది రూలు. అతను ఆడుతూనే ఉన్నాడు, మేం ఓడిపోయేదాకా.

మ్యాచ్ అయ్యాక అంపైర్ మా బావతో తాపీగా అన్నాడు. “తగిలిందనే అనిపించిందండీ. మీరెవరూ అడగలేదు కదండీ.”

బావ నన్ను ముఖ్య అతిథి ముందుకే లాక్కెళ్లాడు. “పట్టినోడివి చెప్పవేంట్రా? నోట్లో పూతరేకు పెట్టుకున్నావా? తియ్ గ్లవ్స్!”

నేను ఆయన వైపు చూశాను. ఆయన శాలువా సర్దుకుని బావను అడిగారు. “క్యాచ్ వదిలితే తీసుకుంటానన్నావటగా. వదిలాడా?”

“లేదండి.”

“మరి?”

పరాయివాళ్ల ముందు మాట తప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. గ్లవ్స్ నాకే ఉండిపోయాయి. తర్వాతి మ్యాచ్ నుంచి బావ నా పక్కన ఫస్ట్ స్లిప్‌లో నిలబడుతున్నాడు. పట్టడానికి కాదు, అరవడానికి.