నాన్న మంకీ క్యాప్, చిన్నాన్న సినిమా

మా ముత్తాత పాళెం దొర. ఆయన కొడుకు, మా తాతగారికి, మైసూరు దసరా దర్బారులో ఆసనం ఉండేది. గొప్పకు చెప్పడం లేదు. ఇది తెలియకపోతే మా చిన్నాన్న సినిమాల్లో వీరులు ముసుగు ఎందుకు వేసుకుంటారో అర్థం కాదు. మొన్న ఆదివారం బెంగళూరు మహదేవపురలోని మా ఫ్లాట్‌లో మనవరాలు టీవీ పెడితే ఆయన రాసిన సూపర్‌హీరో సినిమా వస్తోంది. వీరుడు మేడ మీదకు ఎగరగానే అది చప్పట్లు కొట్టింది. నేను మాత్రం వాడి నడక చూస్తూ కూర్చున్నాను.

తొంభైల నాటికి మాకు మిగిలినవి బసవనగుడిలో పెంకుటిల్లు, వెనక పనస చెట్టు, నాన్న నిటారు నడక. గ్యాసు అయిపోతే కిరసనాయిలు స్టవ్వే గతి. రేషన్ షాపు వరుసలో తాము నిలబడడం ఎవరి కంటా పడకూడదని నాన్న మంకీ క్యాప్ కళ్ళదాకా లాగి, మఫ్లర్ చుట్టి, మునిమాపు వేళ డబ్బా పట్టుకుని వెళ్ళేవారు. బెంగళూరు చలి ఆయన పరువు కాపాడేది. ఎండాకాలంలో ఎవరైనా వింతగా చూస్తే జలుబు అనేవారు.

చిన్నాన్న పిల్లల సినిమాలకు మాటలు రాస్తూ మొదలుపెట్టి, రెండువేల సంవత్సరం దాటేసరికి ముసుగు వీరుల కథలంటే తనే అనిపించుకున్నాడు. నిర్మాతలు మా వసారాలో కూర్చుని కథ వినేవారు. చిన్నాన్న మెడకు తువ్వాలు కట్టుకుని, బల్ల ఎక్కి, ఎగిరే ఘట్టం నటించి చూపేవాడు.

"దొరల ఇంట్లో పుట్టి బల్లలెక్కి దూకుతాండావు, సిగ్గు లేదేమిరా?" అని లోపలి నుంచి నాన్న.

"దూకేది నేను కాదన్నా, హీరో."

తమ్ముడి సినిమా ఒక్కటీ నాన్న చూడలేదు. చిన్నాన్నకు ఎంత పేరొచ్చినా ఆ వెలితి తీరలేదు.

చివరికి అమ్మ పోరు పడలేక ఒకసారి సినిమా హాలుకు వచ్చారు. ఆ సినిమాలో వీరుడు చితికిపోయిన పెద్దింటివాడు. ముసుగేసుకుని పేటను కాపాడతాడు. ఆఖరున వీధి మధ్యలో ముసుగు తీస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. బజ్జీలమ్మే ముసలమ్మ అంటుంది: "నీ నడక చూస్తే తెలీదా అప్పా? నువ్వు దాచుకుంటాండావు గదా అని మేమూ ఊరకుంటిమి."

హాలంతా నవ్వింది. నాన్న నవ్వలేదు. ఇంటికి వచ్చేసరికి వసారాలో చిన్నాన్న ముఖం పాలిపోయి నిలబడి ఉన్నాడు.

"వీధికంతా తెలుసునా?"

"తెలుసన్నా."

"ఎప్పట్నుంచిరా?"

"మొదట్నుంచే. మీ మాదిరి నడిచేవాళ్ళు ఈ పేటలో ఇంకెవరుండారు?"

మరునాడు నాన్న టోపీ లేకుండా, పట్టపగలు, అదే నడకతో డబ్బా పట్టుకుని వెళ్ళారు.

"బన్ని, రండి దొరా! చలిగా ఉండాది, టోపీ మరిస్తిరా?" అన్నాడట షాపు మనిషి.

"ఈ పొద్దు చలి లేదప్పా."

ఆ తర్వాత చిన్నాన్న కథ చెప్పేటప్పుడల్లా నాన్న వసారాలోనే కూర్చునేవారు. దూకడానికి అడ్డమని బల్ల మీది చెంబు తామే తీసి పక్కన పెట్టేవారు.

ఇప్పుడు నాన్నా లేరు, చిన్నాన్నా లేడు, బెంగళూరులో ఆ చలీ లేదు. బసవనగుడి ఇల్లు, పనస చెట్టుతో సహా అమ్మేశాం.