వీపు డైలాగులు

చైతన్యపురి హాస్టళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతోంది. చీకటి హాలు. తెర మీద ఇంగ్లీషు సినిమా. ముందు వరసలో తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన, తెర మీది నటుడి తరఫున గట్టిగా తెలుగులో డైలాగులు చెబుతుంటాడు. చుట్టూ పిల్లలు పడీపడీ నవ్వుతుంటారు. వీడియో కింద ఎవరో "అంకుల్‌కి ఏమైంది?" అని రాశారు.

అంకుల్‌కి ఏమీ కాలేదు. ఆయన చెప్పిన మాటల్లో ఒక్కటీ ఆయన సొంతం కాదు. ఆ సినిమా తీసిన హాలీవుడ్ దర్శకుడివీ కావు. అన్నీ నావి. ఆ సంగతి చెప్పాల్సింది నేనే.

నేను ఇంగ్లీషు సినిమాలకు తెలుగు డబ్బింగ్ మాటలు రాసేవాణ్ణి. ఆ పనిలో అన్నీ సంకెళ్లే. అక్కడ నటుడి పెదవులు మూసుకుంటే ఇక్కడ మన మాట ఆగాలి. అతను గుండ్రంగా నోరు తెరిస్తే మనమూ గుండ్రటి మాటే వెతకాలి. ప్రేమిస్తున్నానని చెప్పడానికి వాళ్లకు ఒక్క క్షణం చాలు; మనవాడు "నేను నిన్ను..." దగ్గర ఉండగానే అక్కడ ముద్దు కూడా అయిపోతుంది. ఇన్ని కట్టుబాట్ల మధ్య మాకు దొరికే స్వేచ్ఛ ఒక్కటే, నటుడు అటు తిరగడం. వీపుకు పెదవులుండవు కనుక ఏం రాసినా అతుకుతుంది. వాటిని మేం వీపు డైలాగులు అనేవాళ్లం. పైగా స్టూడియో యజమానిది ఒకటే పాట: "మాట ఆగితే జనం చానల్ మార్చేస్తారండీ. ఖాళీ ఉంచకండి."

అలాంటి నా చేతికి ఈ దర్శకుడు దొరికాడు. లోకం ఆయన్ని మెచ్చుకునేదే మౌనం కోసం. కథలో మనిషి గుండె పగిలినప్పుడల్లా ఆయన కెమెరాను తీసుకెళ్లి వాడి వెనక నిలబెడతాడు. వీపు, నిశ్శబ్దం, అంతే. విమర్శకులు అది చూసి కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం పండగే పండగ.

ఆయన మొదటి సినిమాలో ఒక లారీ డ్రైవరు ఎడారిలో బండి చెడిపోయి, దూరంగా చూస్తూ నిలబడతాడు. నేను రాసింది: "ఈ రోడ్డేసిన కాంట్రాక్టరు ఇల్లు మాత్రం మూడంతస్తులుంటుంది." ఆయనకు పెద్ద పేరు తెచ్చిన అంతరిక్ష సినిమాలో, ఇక తిరిగి రాలేనని తెలిసిన వ్యోమగామి కిటికీలోంచి నీలిరంగు భూమిని చూస్తాడు. నేను రాసింది: "అయ్యో, మోటారు ఆపకుండా వచ్చేశాను. ట్యాంకు పొంగుతోంది!" బహుమతులన్నీ కొల్లగొట్టిన చివరి సినిమాలో, భార్య పోయిన ముసలాయన పొయ్యి ముందు నిలబడి ఉంటాడు. భుజాలు మెల్లగా కదులుతుంటాయి. నవ్వుతున్నాడని నిర్ణయించేశాను. "ఉప్పు వేశానా? వేశాను. వేశానా?" అని రాసి, చివర ఒక ఇకిలింపు కూడా పెట్టించాను.

ఈ సినిమాలకు ప్రపంచంలోకెల్లా పెద్ద అభిమాని మా ఇంటి ఓనరు అయ్యాడు. నాకంటే పెద్దవాడు, గడ్డిఅన్నారం పాత కుటుంబం. వాళ్ల తాతల పొలాల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు పండుతున్నాయి. కింద ఆయన, పైన మేము. టీవీలో ఆ దర్శకుడి సినిమా వచ్చిందంటే మెట్ల కింద నుంచి కేక.

"తమ్మీ! ఉరికి రా! మన డైరెక్టర్ది ఒస్తుంది!"

మాటలు నేనే రాశానని ఆయనకు తెలుసు. కానీ రాయడమంటే ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు దించడమని ఆయన నమ్మకం.

"సూడు, అమెరికల గూడ కాంట్రాక్టర్లది గిదే లొల్లి," అనేవాడు తొడ చరుచుకుని. "మోటర్ సంగతి గాయనకు ఎట్ల ఎరుక? ఎన్నడన్న దిల్‌సుఖ్‌నగర్ల కిరాయికి ఉన్నడా ఏంది?"

"ఏమోనండి అన్నగారూ," అనేవాణ్ణి నేను. అదే నా తప్పు. ఆ ఒక్క "ఏమో"తో ఏళ్లు గడిపేశాను. మాట బాగుందని ఎదురుగా ఒకరు పగలబడి నవ్వుతుంటే, ఆ మెప్పు వేరేవాడి ఖాతాలోకి పోతున్నా వినబుద్ధవుతుంది.

ఈమధ్య ఆ దర్శకుడు ఇక సినిమాలు తీయనని ప్రకటించాడు. మెట్రో దారిలో అన్నగారికే ఉన్న ఇంకో బిల్డింగులో కోచింగ్ సెంటరు నడుస్తుంది. అక్కడి పిల్లలు కొందరు ఆదివారం సాయంత్రం వాళ్ల హాల్లోనే ఆ చివరి సినిమా వేసుకుని, ఆయన జీవితం మీద మాట్లాడుకుందామనుకున్నారు. హాలు అడగడానికి వెళ్తే అన్నగారు గంటసేపు ఆ దర్శకుడి గురించే చెప్పాడట. పిల్లలు మురిసిపోయి, ముందుగా మాట్లాడేది మీరేనన్నారు.

ఆ పిల్లలు ఆ సినిమాలన్నీ ఇంగ్లీషులో చూసినవాళ్లు. వాళ్ల ముందు ఈ మనిషి లేచి ఏం చెబుతాడో నాకొక్కడికే తెలుసు. ఆయన పరువు నా చేతిలో ఉంది.

చెప్పాలని కిందికి దిగాను. ఆయన అద్దం ముందు ఉపన్యాసం సాధన చేస్తున్నాడు.

"అన్నగారూ, మీకో మాట చెప్పాలండి."

"జర ఆగు. నమస్తే అని మొదలువెట్టాల్నా, గుడ్ ఈవినింగ్ అనాల్నా?"

లోపల్నుంచి వదినగారు, "ఏదన్న అను గని తొందరగ అయిపోగొట్టు. పొద్దటి సంది అద్దమే పరేషాన్ అయితుంది!" అన్నారు. ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. "నమస్తే బాగుంటుందండి," అని వచ్చేశాను.

ఆదివారం హాలు నిండింది. అన్నగారు మైకు పట్టుకున్నాడు.

"నమస్తే. గీ డైరెక్టర్ నాకు ఎందుకు ఇష్టమంటే, గాయన లెక్క నవ్వించేటోడు దునియల లేడు!"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయి లేచి, "సార్, ఆయన సినిమాలు కామెడీయా?" అంది.

"మరేందనుకున్నవ్ బిడ్డా? మోటర్ డైలాగు యాదికి లేదా?" అంటూ మొదలుపెట్టాడు. లారీ, కాంట్రాక్టరు, అంతరిక్షం, ట్యాంకు, గొంతులు మార్చి మార్చి. పిల్లలకు ఒక్క ముక్కా అర్థం కాలేదు కానీ నవ్వు ఆగలేదు. కుర్చీలు ఊగాయి. భయంతో చచ్చిపోవాల్సిన నేను కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. నా మాటలకు ఒక హాలు హాలంతా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు మరి.

లైట్లార్పి సినిమా వేశారు. ముసలాయన వీపు తిప్పిన ప్రతిచోటా తెర నోరు మూసుకుంది. ఆ ఖాళీలో అన్నగారి గొంతు మోగింది. ఆయనకు ప్రతి మాటా కంఠతా వచ్చు. నవ్వుల మధ్య ఎవరో ఫోను తీశారు. మీరు చూసిన వీడియో అదే.

వీడియోలో లేనిది ఆ తర్వాతది. పొయ్యి దగ్గర సీను వచ్చింది. "ఉప్పేసిన్నా..." అని ఎత్తుకున్న అన్నగారు సగంలో ఆగిపోయాడు. తెర మీద భుజాలు కదులుతున్నాయి. ఇకిలింపు లేదు. కూర ఉడుకుతున్న చప్పుడొక్కటే. పిల్లలు ఆయన కోసం ఎదురుచూసి, వాళ్లూ ఊరుకున్నారు.

"తమ్మీ," అన్నాడు నా చెవిలో. "గాయన ఏడుస్తుండు గదా?"

"అవునండి."

"మరి ఉప్పు?"

"నేను వేశానండి అన్నగారూ. అన్నీ నేనే వేశాను." చీకట్లోనే అంతా చెప్పేశాను. కాంట్రాక్టరు, మోటారు, వీపు డైలాగులు, స్టూడియో యజమాని ఆజ్ఞ, నా "ఏమో".

సినిమా అయ్యాక మెట్రో స్తంభాల కింద ఇంటికి నడిచాం. ఆయన ముందు, నేను వెనక. ఎన్నో వీపులకు మాటలు రాసిన నాకు ఆ తెల్లచొక్కా వీపు మీద ఒక్క అక్షరం కనబడలేదు. కోపమా, సిగ్గా? భుజాలు చిన్నగా కదులుతున్నాయి. ఈసారి ఏ నిర్ణయానికీ రాదలచుకోలేదు.

చైతన్యపురి స్టేషను దాటాక గిర్రున తిరిగాడు. నవ్వుతున్నాడు!

"నా ఈపుకు ఏం డైలాగు రాస్తున్నవ్ రా?"

"ఏమీ రాయలేదండి."

"ఇన్నేండ్ల సంది గాయనను మెచ్చుకుంట కూసున్న. నవ్వించేటోడు నా ఇంట్లనే కిరాయికున్నడు! చెప్పనీకి ఏం రోగం నీకు?" అని వీపు మీద ఒక్కటి చరిచాడు. గట్టిగానే చరిచాడు. "పోరగాండ్ల కాడ నా ఇజ్జత్ తీసినవ్. రాస్తవ్ గదా, గిది గూడ రాయి. ఆ మాటలు నీయే అని రాయి."

రాశాను.

పోయిన వారం టీవీలో అంతరిక్ష సినిమా మళ్లీ వచ్చింది. మామూలుగానే కేకేశాడు. కిటికీలో నీలిరంగు భూమి కనబడగానే రిమోటు తీసి సౌండు ఆపేశాడు. ఇద్దరం మాట లేకుండా ఆ వ్యోమగామి వీపును, దాని అవతలి భూమిని చూశాం. ఎంత బాగుందో! అన్నేళ్లూ నేనే దానికి అడ్డం నిలబడ్డానన్నమాట.

ఆ నిశ్శబ్దంలో బయట గోడ మీదుగా ధారగా నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

"తమ్మీ," అన్నాడు అన్నగారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "మోటర్ బంద్ చేసినవా?"

నేను మెట్లెక్కి పరుగెత్తాను.