సాంచాలు బందున్న రోజు ఊగిన ఇల్లు: నా సూరత్ ప్రయాణం

ఆన్‌లైన్ క్లాసులోంచి ఒక పిల్ల మాయమైతే ఏం చేయాలో బీఎడ్‌లో మాకు ఎవరూ చెప్పలేదు. కరోనా మొదటి ఏడు సూరత్‌లో పనులు మూతపడి మా వైపు తిరిగొచ్చిన కుటుంబాల్లో మల్లేశంది ఒకటి. ఆయన కూతురు శ్రావణి కరీంనగర్ దగ్గరున్న మా బడిలో చేరింది. సాంచాలు, అంటే మరమగ్గాలు, మళ్లీ తిరగగానే వాళ్లు సూరత్ వెళ్లిపోయారు. బడి ఎలాగూ ఫోన్‌లోనే నడుస్తోంది కనుక పిల్ల అక్కడి నుంచే మా క్లాసులు వింటూ మా బడిలోనే కొనసాగింది. తొమ్మిదో తరగతిలో భూకంపాల పాఠం చెబుతూ నేను హుషారుకు పోయి ఒక పని ఇచ్చాను. కదలికను గీతగా చూపే యాప్ వేసుకుని ఫోన్‌ను నేల మీద పెట్టాలి, గీత ఎగిరితే సమయం రాసుకోవాలి, ఇంటర్నెట్‌లో ఉండే భూకంపాల జాబితాతో పోల్చాలి. మా ఊరి పిల్లల గీతలన్నీ చదునుగా వచ్చాయి. శ్రావణి మాత్రం సాయంత్రం నాలుగూ పదికి భూకంపం వచ్చిందని పంపింది. జాబితా తెరిచి, ఆ రోజు నాలుగూ పదికి ఏమీ లేదని అందరికీ చూపించి, "అది భూకంపం కాదమ్మా, మీ ఇంటి కింది సాంచాల ఊపు" అన్నాను. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. మరునాటి నుంచి ఆమె క్లాసుకు రాలేదు.

రెండు వారాలకు మల్లేశం ఫోన్ చేశాడు. "పిల్ల ఇగ చదువనంటున్నది సార్. చీరెలకు రాళ్లు అంటించే పనికి పోతదట. జర మీరన్న చెప్పుండ్రి" అన్నాడు. చెబుదామంటే ఆమె ఫోన్ దగ్గరికే రాలేదు. నేనన్న మాటలో తప్పేముందో నాకు అర్థం కాలేదు, కానీ అన్నం తినబుద్ధి కాలేదు. దసరా సెలవులు రాగానే బయలుదేరాను.

మా వైపు నుంచి వెళ్లేవాళ్లకు వరంగల్ సులువు. చెన్నై నుంచి అహ్మదాబాద్ వెళ్లే రైలును రాత్రి అక్కడ అందుకుంటే భుసావల్, నందుర్‌బార్ మీదుగా మరునాడు మధ్యాహ్నానికి సూరత్ చేరవచ్చు. స్లీపర్ టికెట్టు ఐదు వందల చిల్లర పడింది. దారి పొడవునా పిల్లకు ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. చదువు విలువ గురించి మూడు ఉపన్యాసాలు తయారు చేసుకుని, మూడూ నాకే నచ్చక వదిలేశాను. ఎదురు సీటులోని పెద్దాయన ఎందుకెళ్తున్నారని అడిగితే, "భూకంపం గురించి" అన్నాను. ఆయన మాస్కు పైకి లాక్కుని కిటికీ వైపు తిరిగాడు.

సూరత్ స్టేషన్‌లో నుదుటికి యంత్రం పెట్టి జ్వరం చూసి వదిలారు. బయటికి వచ్చాక నాకు దిక్కులు తెలియలేదు. తాము ఉండే పేట పేరు ఉన్ అని మల్లేశం చెప్పాడు. ఆటోవాళ్లలో ఒకరు ఉధనా దగ్గర మారాలన్నారు, ఇంకొకరు సచిన్ అనే చోటి దాకా పోయి వెనక్కి రావాలన్నారు. చివరికి ఒక ముసలి డ్రైవర్ "ఉన్ పాటియా జానా హై క్యా? బైఠో" అని ఎక్కమన్నాడు. ఉన్, ఉన్ పాటియా రెండూ ఒకటేనా అని నేను ఆలోచించేలోపే బండి కదిలింది. షేర్ ఆటోలో నలభై రూపాయలు, ముప్పావుగంట. రోడ్డు మీద దిగి నిలబడితే కాళ్ల కింద నేల ఇంకా ఊగుతూనే ఉంది. అది రైలు మత్తో, నిజంగా ఊగుతోందో తేల్చుకోలేకపోయాను.

మల్లేశం వచ్చి తీసుకెళ్లాడు. కింద సాంచాల షెడ్డు, పైన వరసగా గదులు. మెట్లెక్కుతుంటే చప్పుడు చెవుల్లోకి కాదు, పళ్లలోకి వచ్చింది. ఆయన భార్య లక్ష్మి చాయ్ ఇచ్చింది. గ్లాసులో చాయ్ సన్నగా వణుకుతోంది. శ్రావణి గోడకు ఆనుకుని నిలబడింది, నమస్తే కూడా చెప్పలేదు. నా ఫోన్ తీసి నేల మీద పెట్టాను. గీత గొంగళిపురుగులా లావుగా వచ్చింది.

"చూశావా? నేను చెప్పింది ఇదే కదా" అన్నాను. అంత దూరం వెళ్లి నేనన్న మొదటి మాట అది. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పిల్ల లోపలికి వెళ్లి ఒక నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. పదిహేను రోజుల సమయాలు, ప్రతి దాని పక్కనా సాంచాలు నడుస్తుంటే "చాలూ" అనో, ఆగి ఉంటే "బందు" అనో రాసి ఉంది. నాలుగూ పది పక్కన "బందు" అని ఉంది.

"వారానికి ఒకనాడు సాంచాలు బందుంటయి సార్" అన్నాడు మల్లేశం. "కరెంటే ఇయ్యరు."

లక్ష్మి అందుకుంది. "రోజు ఊగే ఇల్లే గదా సార్, రోజు ఊగితే మాకేం భయం? బందున్ననాడు ఊగింది. గిన్నెలు గలగలమన్నయి. ఏంది గిట్లయితున్నదని కిందికి ఉరికినం."

ఇల్లు ఊగింది నిజం, జాబితాలో లేనిదీ నిజం. ఫోన్‌లో జాబితా మళ్లీ తెరిచాను. ఆ తేదీలో నాలుగూ పదికి ఏమీ లేదు. రెండుసార్లు పైకీ కిందికీ జరిపాను. అప్పుడు శ్రావణి మొదటిసారి నోరు విప్పింది.

"గా టైము మనది కాదు సార్. పైన రాసుంది చూడుండ్రి."

పైన సన్న అక్షరాల్లో ఉంది. ఆ సమయాలన్నీ గ్రీన్‌విచ్‌వి, మనది ఐదున్నర గంటలు ముందు. నాలుగూ పదిలోంచి ఐదున్నర తీస్తే ఉదయం పదీ నలభై. ఆ వరసలో ఒక చిన్న భూకంపం ఉంది, సూరత్‌కు దగ్గరలోనే. ఐదున్నర గంటల లెక్కను ఏటా బోర్డు మీద నేనే వేసి చెబుతాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పిన సార్. మైక్ తెరిస్తే సాంచాల సప్పుడొస్తున్నదని మీరే బంద్ చేసిండ్రు. చాట్‌ల గూడ రాసిన. మీరు చూడలే."

కింద సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. అవును, ఆమె మైక్ తెరిచినప్పుడల్లా ఆ మోత భరించలేక నేనే నొక్కేసేవాణ్ని. "తప్పు నాదే, అమ్మా" అన్నాను. ఆమె తలూపింది కానీ నవ్వలేదు. క్లాసుకు వస్తావా అని అడిగితే, "అందరి ముంగట నవ్విండ్రు గదా సార్. అందరి ముంగటనే చెప్పుండ్రి" అంది.

సెలవుల తర్వాత మొదటి క్లాసులో తప్పు నాదేనని అందరికీ చెప్పాను. చెప్పి, జాబితా తెరిచి, శ్రావణిని మైక్ తెరవమన్నాను. మోతలోంచే గ్రీన్‌విచ్ లెక్క చెప్పింది. సగం మాటలు వినపడలేదు. ఎవరో "మళ్లీ చెప్పు శ్రావణీ" అన్నారు, మళ్లీ చెప్పింది. అంత దూరం ఒక పిల్లను బడికి ఒప్పించడానికి వెళ్లాననుకున్నాను. నిజానికి ఆమె చెప్పేది వినడానికే వెళ్లవలసి వచ్చింది. మైక్ తెరిచి ఉంచితే అయిపోయే పనికి నాకు ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణం పట్టింది.

ఇలాంటి పాఠం చెప్పాలనుకునే వారికి ఒక్క సలహా. ఇంటర్నెట్‌లో భూకంపాల జాబితా తెరవగానే, అది ఏ దేశపు సమయమో ముందు చూడండి. గ్రీన్‌విచ్‌దైతే ఐదున్నర గంటలు కలిపిన తర్వాతే ఎవరిదైనా తప్పు అనండి. నాకీ సంగతి ఒక తొమ్మిదో తరగతి పిల్ల చెప్పింది. నేను మైక్ మూయకపోతే మూడు వారాల ముందే తెలిసేది.