పొట్టకి కట్టిన పాట

పాట మెదడుకి మంచిదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మంచిదే కావచ్చు. మనిషిని అడక్కుండా కుక్కితే ఏం చేస్తుందో నన్ను అడగాలి.

నేను కడుపుతో ఉన్నప్పుడు ఓడరేవు పక్కనున్న బెంగాలీ పేట వాట్‌గంజ్‌లో అత్తగారింట్లోనే ఉండేవాళ్ళం. మామగారు డాక్‌లో పనిచేసి రిటైరయ్యారు, మా ఆయన బ్యాంకు ఆఫీసరు. ఆ బ్యాంకులో ఓ బెంగాలీ పెద్దాయన ఉండేవాడు, అన్నగారన్నట్టు అందరూ దాదా అనేవారు, తెలియని విషయం లేదు ఆయనకి. కడుపులో బిడ్డకి సంగీతం వినిపిస్తే బుర్ర పాదరసంలా తయారవుతుందని చెప్పాడు. ఆ సాయంత్రమే మా ఆయన పొట్టకి కట్టుకునే బెల్టు స్పీకరు కొనుక్కొచ్చాడు. ఫోన్లో రంగురంగుల మెదడు బొమ్మలు కూడా చూపించాడు. పాట వింటుంటే ఎక్కడెక్కడ వెలుగుతుందో అందులో ఉంది. ఆ మెదడున్న మనిషికి ఎలా ఉందో మాత్రం ఏ బొమ్మలోనూ లేదు.

ఏ పాట పెట్టాలన్న తగువు రాలేదు. విజయనగరంలో మా నాన్న సంగీతం మాస్టారు. అల్లుడు అడిగితే ఇక ఆగుతాడా? మురిసిపోయి ఆనందభైరవి పాడి పంపాడు. నాకది ప్రాణం. చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కన కూర్చుని ఆయన పాడితేగాని నిద్రపట్టేది కాదు.

రోజూ పొద్దున్నే అత్తగారు నా పొట్టకి బెల్టు బిగించేవారు. సరిగ్గా అప్పుడే కింది వాటాలో బౌది, అదే బెంగాలీ వదినమ్మ, ఆవనూనెలో చేప వేయించేది. ఆ పొగ, పొట్ట మీద ఆ బిగింపు, నాన్న గొంతు అన్నీ కలిసి మీద పడేవి. బకెట్టు ముందు చతికిలబడి కక్కేదాన్ని. పచ్చటి పైత్యం, గొంతులో మంట, ముక్కులోంచి పుల్లటి నీళ్ళు. పాట మాత్రం ఆగేది కాదు. నేను పేగులు బయటికొచ్చేలా కక్కుతుంటే నాన్న తీరిగ్గా గమకాలు తీస్తూ ఉండేవాడు. ఓ రోజు బెల్టు పీకి అవతల పారేశాను. అత్తగారు కోప్పడలేదు. తెచ్చి మళ్ళీ కట్టారు.

“ఏటి తల్లీ, కడుపులో ఉండగానే ఇని నేర్సుకున్నోళ్ళు లేరేటి పురాణాల్లో? నీకు ఈ వాంతులు నాలుగు నెల్లే. బిడ్డకి బుర్ర బతుకంతా ఉంటాది గదా” అన్నారు.

వాళ్ళు నేర్చుకున్నారు సరే, ఆ తల్లులకి వాంతులయ్యాయో లేదో ఏ పురాణంలోనూ రాయలేదు.

అమ్మాయి పుట్టింది, వాంతులు ఆగాయి, పీడ విరగడైందనుకున్నాను. కొన్నాళ్ళకి నాన్న ఫోన్లో మనవరాలికి పాడుతుంటే నోట్లో పుల్లటి నీళ్ళూరి, వాష్ బేసిన్ దగ్గరికి పరిగెత్తాను. మధ్యాహ్నం తిన్నది పడలేదనుకున్నాను. మళ్ళీ పాడాడు, మళ్ళీ అంతే. డాక్టరమ్మని అడిగితే, కడుపులో తిప్పినప్పుడు దగ్గర ఏముంటే దాన్నే మెదడు విషంగా గుర్తుపెట్టుకుంటుందని చెప్పింది. మామూలుగా తిండి మీదికి పోతుందట, నాకు పాట మీదికి పోయింది. ప్రాణం కాపాడుకోవడానికే అలా చేస్తుందట. మా నాన్న నుంచి నా ప్రాణం కాపాడే ఆ తెలివిని ఏ గంగలో కలపాలి?

నాన్నకి చెప్పలేదు. ఆయన రాగం ఎత్తుకునేలోపే పిల్ల ఏడుస్తోందని ఫోన్ పెట్టేసేదాన్ని. పిల్ల మొదటి పుట్టినరోజుకి ఆయనే వచ్చాడు. భోజనాలయ్యాక మనవరాల్ని ఒళ్ళో వేసుకుని మొదలుపెట్టాడు. పిల్ల నోరు తెరుచుకుని ఆయన మొహమే చూస్తోంది. నేను బేసిన్‌లో కక్కుతున్నాను. కుళాయి విప్పినా వినబడినట్టుంది, వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇక దాచలేక అంతా చెప్పేశాను.

ముందు కుళాయి కట్టేశాడు. తర్వాత నా వీపు నిమిరాడు.

“పోనీలే అమ్మా. ఆనందభైరవి పడకపోతే మానేస్తాను. రాగాలకేం కరువు?”

వెళ్ళి కూర్చుని మోహన ఎత్తుకున్నాడు. ఆయనకి బాగా వచ్చిన రాగం, హాయిగా ఉంటుంది. రెండు స్వరాలు పలికాడో లేదో నా నోట్లో నీళ్ళూరాయి. నా దిక్కుమాలిన బుర్ర పట్టుకున్నది రాగాన్ని కాదు, నాన్న గొంతుని. నా మీద నాకే రోత పుట్టింది. పళ్ళు బిగబట్టి, నవ్వు మొహం పెట్టి, బావుంది నాన్నా అన్నాను. జీవితమంతా శిష్యుల మొహాలు చూసి పాఠం చెప్పినవాడికి నా మొహం ఓ లెక్కా?

పాట ఆపేశాడు. పిల్లకి కాకి కథ చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ మధ్యమధ్యలో నా వైపు చూస్తున్నాడు, మాటలైనా నాకు పడుతున్నాయో లేదోనని.