హారన్ బిగించిన హీట్‌సింక్

పుట్టగానే ఆ పిల్ల పెట్టిన కేక విని, ఆసుపత్రి వరండాలో నిలబడ్డ తండ్రి "ఓరి నాయనో, ఇది పిల్లా, బస్సు హారనా!" అన్నాడు. బస్సు డిపోలో మెకానిక్కు మరి! అంతకంటే ఏం తోస్తుంది? ఆ పేరే ఖాయమైపోయింది. కాగితాల మీద ఏముంటే మనకెందుకు గానీ, ముప్పై దాటినా ఇంటా బయటా ఆమె హారనే.

అలాంటి మనిషి మెట్టినింట్లో నాలుగేళ్లు నోరెత్తకుండా పడి ఉందంటే నమ్మబుద్ధి కాదు. కానీ జరిగింది. పెళ్లికి ముందు కంప్యూటర్లో ఇళ్ల నమూనాలు గీసే ఉద్యోగం చేసేది. "ఇంట్లో నీకేం తక్కువైందని?" అంటూ భర్త మాన్పించాడు. ఆమె తన జీతంతో కొనుక్కున్న కంప్యూటర్ను అటకెక్కించాడు. ఒకరోజు దించి పెట్టమని అడిగితే, "దానికీ నీకూ కాలం చెల్లిందిలే" అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక హారన్‌కు ఒళ్లు మండిపోయింది. మర్నాడు తనే నిచ్చెన వేసుకుని దాన్ని దించింది. బట్టల సంచి భుజానికి తగిలించుకుని, ఆ ఇనప్పెట్టెను ఒళ్లో పెట్టుకుని, బస్సెక్కి పుట్టింటికి వచ్చేసింది.

పుట్టింట్లో మాత్రం ఎవరు ఎగిరి గంతేశారు గనక? తల్లి రెండు రోజులు ఏడ్చింది, నాలుగు రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి ఒక మాట తేల్చి చెప్పింది.

"నెలాఖరులోగా నీకంటూ నిలకడైన పని దొరికిందా, ఉండు. నేనూ నోరు మూసుకుంటా, నలుగురి నోళ్లూ మూయిస్తా. దొరకలేదా, మారుమాట లేకుండా అబ్బాయి దగ్గరికి వెళ్లిపోవాలి."

"సరే" అంది హారన్ తడుముకోకుండా. మాటంటే మాటే, తల్లి వెనక్కి తగ్గే రకం కాదు.

పాత ఉద్యోగంలో పరిచయమైన బిల్డర్ ఒకాయన పని ఇచ్చాడు. ఇంకా పునాదులైనా తవ్వని ఇంట్లో, గుమ్మం నుంచి మేడ దాకా నడిచి చూసినట్టు ఉండే వీడియో తయారు చేయాలి. "నెలాఖరు శనివారం నాలుగింటికి ఇంటివాళ్లు వస్తారమ్మా. అప్పటికి అందిందా, నా ఇళ్లన్నీ నీకే. అందలేదా, నేను ఇంకొకరిని చూసుకుంటా" అన్నాడాయన.

గీయడం హారన్‌కు వెన్నతో పెట్టిన విద్య. చిక్కంతా ఆ తర్వాతే. గీసినదాన్ని ఒక్కో బొమ్మగా, వేల బొమ్మలుగా కంప్యూటరే వండి వార్చాలి. ఆ పని మొదలుపెట్టిన కాసేపటికే ప్రాసెసర్ సలసల కాగిపోయి, పెట్టె ఠపీమని ఆగిపోయేది. పోనీ ఆగకుండా నడిచిందే అనుకుందాం, అప్పుడైనా ఆదివారం సాయంత్రానికి గానీ తెమలదని లెక్క తేలింది. ఆదివారం ఎవడిక్కావాలి?

రిపేరు షాపతను మూత తీసి కూడా చూడలేదు. "మేడమ్, దీన్ని పాత ఇనుముకి వేసేసి కొత్తది తీసుకోండి."

"మీ సలహా కూడా అందులోనే వేసేయండి, కాస్త బరువు తూగుతుంది" అంది హారన్. ఊరికే రాలేదు లెండి. అక్కడ మూలన పడున్న పెద్ద హీట్‌సింకునూ, ఒక పేస్టు ట్యూబునూ బేరమాడి మరీ తెచ్చుకుంది.

హీట్‌సింక్ అంటే ప్రాసెసర్ నెత్తిన కూర్చుని దాని వేడిని లాగేసే లోహపు రేకుల దిమ్మ. పక్కనే దానికో ఫ్యాను. ఇంటికొచ్చి విప్పి చూస్తే పాత హీట్‌సింక్ కాలు ఒకటి బస్సు కుదుపులకు ఊడి వేలాడుతోంది. అడుగున, ప్రాసెసర్ వేడిని ఆ దిమ్మకు అందించే పేస్టు ఎండి సుద్దలా రాలుతోంది. కాగదా మరి! పైగా ఆ ప్రాసెసర్ పాతదే అయినా, కంపెనీ పెట్టిన వేగాన్ని మించి పరిగెత్తించుకునే వీలున్న రకం. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. వేడిని అదుపులో పెట్టగలిగితే ఆదివారం పనిని శనివారానికి లాక్కురావచ్చు.

పాత పేస్టంతా తుడిచేసింది. అంతలో గోడల రంగులు మార్చాలని బిల్డర్ పిలిస్తే వెళ్లక తప్పలేదు. తిరిగొచ్చేసరికి తండ్రి చేతులు తుడుచుకుంటూ ముసిముసిగా నవ్వుతున్నాడు.

"బిగించేశానే హారన్! నువ్వు స్విచ్ వెయ్యడమే తరువాయి."

వేసింది. తెర మీద వేడి అంకె చూస్తుండగానే తొంభై దాటింది. పెట్టె ఆగిపోయింది. విప్పి చూస్తే, హీట్‌సింక్ కింద ట్యూబుడు పేస్టూ ఉంది. అంచుల నుంచి కారి బోర్డు మీదికి కూడా పాకింది.

"నాన్నా! ఏం చేశావు నువ్వు?"

"ఏం చేశానే? బేరింగుకి గ్రీజు కూరినట్టు కూరా. గ్రీజు దగ్గర పిసినారితనం చేస్తే బండి నడుస్తుందా?"

"ఇది తిరిగే సామాను కాదు నాన్నా! లోహానికీ లోహానికీ మధ్య కంటికి కనపడని సందులుంటాయి, అవి పూడితే చాలు. శనగగింజంత సరిపోతుంది. నువ్వు దాని మీద దుప్పటి కప్పావు!"

తండ్రి మొహం చిన్నబోయింది. నలభై ఏళ్లు బస్సులు బాగుచేసిన మనిషికి గ్రీజు ఎక్కువైతే తప్పని ఎవరు చెప్పారు? హారన్‌కు అరిచినందుకు బాధేసింది, అయినా కోపం దిగలేదు. ఇద్దరూ కలిసి స్పిరిట్టుతో, దూదితో, పనికిరాని టూత్‌బ్రష్‌తో గంటసేపు శుభ్రం చేశారు. ట్యూబు మడిచి మడిచి నొక్కితే అడుగున మిగిలింది సరిగ్గా గింజంత వచ్చింది. దాన్ని నడిమధ్యన పెట్టి, హీట్‌సింకును తిన్నగా దించి, హారన్ ఒక మూల స్క్రూను గట్టిగా తిప్పేయబోయింది.

"ఆగు, ఆగు!" తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "ఒకవైపే బిగిస్తే రెండోవైపు లేస్తుందే. చక్రం నట్లు ఎలా బిగిస్తాం? ఇటు కొంచెం, ఎదురు మూల కొంచెం. మళ్లీ అటు. అన్నీ సమంగా దిగాలి."

"అయ్యో, నిజమే నాన్నా" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నాలుగు మూలలూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా దిగాయి. ఈసారి వేడి యాభైలోనే ఆగింది.

ఆ తర్వాత హారన్ వేగం పెంచడం మొదలుపెట్టింది. ఒక్క మెట్టు పెంచడం, దాని చేత గొడ్డు చాకిరీ చేయించి వేడి చూడటం, నిలబడితే ఇంకో మెట్టు. ఒకసారి ఆశకు పోయి బాగా పెంచితే తెరంతా నీలమైపోయింది. "చచ్చిందా?" అంది తల్లి గుమ్మంలోంచి. "చావలేదమ్మా, అలిగింది" అని ఒక మెట్టు దించి, ప్రాసెసర్‌కు అందే కరెంటు పిసరంత పెంచింది. అక్కడ కుదురుకుంది. వేడి డెబ్బై దగ్గర నిలిచింది. లెక్క చూస్తే శనివారం మూడింటికల్లా అయిపోతుంది. హారన్ ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది.

శనివారం మధ్యాహ్నం భర్త దిగాడు. చేతిలో పెద్ద అట్టపెట్టె, అందులో కొత్త కంప్యూటరు. తల్లి కళ్లు మెరిశాయి.

"చూశావా, నీకోసమే తెచ్చా" అన్నాడు, పెట్టెను బల్ల మీద పాత కంప్యూటర్ పక్కకే నెట్టి పెడుతూ. "ఆ డొక్కు ఆపేసి బయల్దేరు. ఇంట్లో కూర్చుని హాయిగా గీసుకో. బయటివాళ్ల పనులు మాత్రం వద్దు."

హారన్ తెర మీంచి కళ్లు తిప్పలేదు. డెబ్బై ఉన్న అంకె డెబ్బై ఆరైంది, ఎనభై దాటింది. ఫ్యాను ఊళ పెడుతోంది.

"ఆ పెట్టె తీయండి. గాలికి అడ్డం."

"ముందు నేను చెప్పేది..."

"తీయమన్నానా!"

ఆ కేక వీధిలోకి వినబడే ఉంటుంది. నాలుగేళ్లలో భర్త ముందు అంత గొంతు బయటికి రావడం అదే మొదలు. భర్త కదల్లేదు. తల్లి కూతురి వైపు చూసింది, అల్లుడి వైపు చూసింది. చేతిలో గ్లాసు కింద పెట్టి, ఆ పెట్టెను రెండు చేతులా ఎత్తి, మోసుకెళ్లి గుమ్మం బయట పెట్టింది.

"ఏంటత్తయ్యా ఇది?"

"అమ్మాయి పనిలో ఉంది బాబూ. కూర్చోండి, మంచినీళ్లిస్తా."

అంకె మెల్లగా దిగింది. మూడు దాటాక ఆఖరి బొమ్మ పూర్తయింది. హారన్ వీడియో పంపేసింది. అయిదింటికి ఫోన్ మోగితే అందరికీ వినబడేలా పెట్టింది. "ఇంటివాళ్లకు తెగ నచ్చిందమ్మా. సోమవారం రా, ఇంకో రెండు ఇళ్లున్నాయి" అన్నాడు బిల్డర్. తండ్రి మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

భర్త లేచి నిలబడ్డాడు. "ఎన్నాళ్లొస్తుంది ఆ డొక్కు? రేపో మాపో కాలిపోతుంది. అప్పుడేం చేస్తావు?"

"నా డబ్బుతో కొత్తది కొనుక్కుంటా" అంది హారన్. "వెళ్లేటప్పుడు మీ పెట్టె మర్చిపోకండి."